నడుం మీది గీతలు

ఆ వీధుల్లో ఆయన్ని ఎవరూ పేరుపెట్టి పిలవరు. బోర్డులాయన అంటారు. సైకిళ్ళు బాగుచేసే కొట్టు నుంచి పళ్ళ డాక్టరు దాకా ఎవరు కొత్తగా తలుపులు తెరిచినా, అంతకు ముందే ఆయన నిచ్చెన వచ్చి ఆ గోడకు ఆనేది. పొట్టి మనిషి. కోపం ముక్కు మీదే ఉండేది. డబ్బిచ్చేవాడు కదా అని మాట పడే రకం కాదు. ఒకసారి మందుల షాపు ఓనరు "అక్షరాలు ఇంకాస్త లావుగా రాయవయ్యా" అన్నాడని, రాస్తున్న బోర్డు మధ్యలో వదిలేసి నిచ్చెన భుజాన వేసుకుని వచ్చేశాడు. పాపం ఆ షాపు చాలారోజులు 'మందు' అన్న రెండక్షరాలతోనే నడిచింది. సాయంత్రమయ్యేసరికి వేరే మందు కావలసినవాళ్ళు కూడా వచ్చి అడుగుతున్నారని ఓనరే వచ్చి బతిమాలుకుంటే, అప్పుడు వెళ్ళి పూర్తిచేశాడు. లావుగా మాత్రం రాయలేదు.

తలకట్టు సరిగ్గా లేని అక్షరమూ, బొత్తాలు పెట్టుకోని పెద్దమనిషీ ఒకటే అనేవాడు. ఆయన రాసిన బోర్డు కింద నిలబడితే గీటు పక్కకు పోయిందన్నవాడు లేడు. ఈ పనితనంలో సగం వాటా ఆయన భార్యది. ఆ సంగతి ఆయనే ఒప్పుకునేవాడు, కాకపోతే ఆమె పక్కన లేనప్పుడు.

పెళ్ళైన కొత్తలో సహాయానికి మనిషిని పెట్టుకునే తాహతు లేక ఆమెనే వెంటబెట్టుకు వెళ్ళేవాడు. సుద్దపొడి పూసిన దారాన్ని గోడ మీద ఆ చివర ఆమె, ఈ చివర ఆయన నొక్కి పట్టుకునేవాళ్ళు. మధ్యలో లాగి వదిలితే గోడమీద తెల్లటి గీత పడేది. ఆ గీత మీద ఆయన రాతంతా నిలబడేది. తర్వాత ఆమె రోడ్డు దాటి ఎదురుగా వెళ్ళి నిలబడేది. నిచ్చెన మీదున్నవాడికి అక్షరం కనబడుతుంది గానీ బోర్డు కనబడదు. అందుకని అటునుంచి ఆమె అరిచేది.

"మూడోది పక్కకి వాలింది!"

"ఎటువైపు?"

"ఎడమకి!"

ఆయన వెంటనే చెరిపి దిద్దేవాడు. ఎదురు ప్రశ్న లేదు. ప్రపంచంలో ఎవరు తప్పుపట్టినా చిర్రుబుర్రులాడే మనిషి, ఆమె "వంకర" అంటే మాత్రం పిల్లిలా చెరిపేసేవాడు. ఆమె కంటికి అంత విలువ. ఆమె పనికి వెళ్ళడం మానేశాక కూడా, బోర్డు పూర్తయ్యాక ఒకసారి ఆమెని తీసుకువెళ్ళి రోడ్డు అవతల నిలబెట్టి చూపించిగానీ డబ్బు తీసుకునేవాడు కాదు.

తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. రాత్రి చెబితే పొద్దున్నకి బోర్డు సిద్ధం. బోర్డులాయనకి పని సగమై, పావై, చివరికి బళ్ళ మీద నంబర్లు రాసే దగ్గరికి దిగింది. పుండు మీద కారం చల్లినట్టు కొడుకు కూడా ఒక ఫ్లెక్సీ షాపులోనే కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగంలో చేరాడు. తండ్రీకొడుకులు ఒక ఏడాదిపాటు భోజనాల దగ్గర మాత్రమే ఎదురుపడ్డారు.

అరవై దాటాక ఆయనకి ఒంటికి వెళ్ళే దగ్గర ఇబ్బంది మొదలైంది. నిచ్చెన ఎక్కితే దిగాలనిపించేది, దిగి వెళ్తే నాలుగు చుక్కలు రావు. వయసు అనుకున్నాడు. తర్వాత పెయింటు వాసన వల్ల అనుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. మగవాడు ఈ సంగతి పైకి చెప్పుకోవడం నామోషీ అని ఎవరు నేర్పారో గానీ, ఆ నేర్పినవాడిని పట్టుకుని నాలుగు తన్నాలి. రక్తం కనబడేదాకా చెప్పలేదు. చెప్పినరోజు కొడుకు షాపుకి సెలవు పెట్టి, స్కూటర్ మీద ఆసుపత్రికి తీసుకువెళ్ళాడు. రక్తం, స్కాను, సూదితో ముక్క తీసి చేసే పరీక్ష, అన్నీ అయ్యాక పెద్దాసుపత్రిలో క్యాన్సర్ డాక్టరమ్మ భార్యాభర్తల్ని ఎదురుగా కూర్చోబెట్టి చెప్పింది.

"మూత్రసంచి కింద ప్రోస్టేట్ అని చిన్న గ్రంథి ఉంటుంది. అక్కడ క్యాన్సర్ వచ్చింది. అక్కడితో ఆగలేదు. పక్కనే ఎడమవైపు లింఫు గ్రంథుల్లోకి కూడా పాకింది. ఎముకల్లోకి వెళ్ళలేదు. అదొక్కటే మంచి కబురు."

"నయమవుతుందా డాక్టరమ్మా?" అని ఆమె అడిగింది.

"కావొచ్చు. గది దాటి గుమ్మంలోకి వచ్చింది, ఇంకా వీధిన పడలేదు. ముందు ఇంజక్షను ఇస్తాం. తర్వాత రేడియేషను. అది గ్రంథికీ, పక్కనున్న ఆ చిన్న గ్రంథులకీ పూర్తిగా తగలాలి. ఒకసారి ఇచ్చినచోట మళ్ళీ ఇవ్వడం కష్టం. మనకున్నది ఒక్క అవకాశం అనుకోండి. ఇప్పుడు రోగం తప్పించుకుంటే తర్వాత మందులతో లాక్కురావడమే గానీ, నయం అన్న మాట ఉండదు."

ఆ ఒక్క అవకాశం అన్న మాట ఇద్దరూ ఇంటికి మోసుకొచ్చారు. ఆ తర్వాత ఇంట్లో ఏం మాట్లాడినా అది కింద నలుగుతూనే ఉండేది.

ఇంజక్షను సంగతి డాక్టరమ్మ మర్యాదగానే చెప్పింది. ఈ రోగం మగవాడి హార్మోను తిని బతుకుతుంది, దానికి తిండి ఆపేస్తాం అంది. తిండి ఆపితే మనిషికి ఏమవుతుందో ఆ తర్వాత నెలల్లో తెలిసింది. మంచం మీద భార్య వైపు తిరగాలన్న ఆలోచనే పోయింది. ఆలోచన పోయిందన్న బాధ మాత్రం పోలేదు. ఆయన గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు. ఉన్నట్టుండి ఒంట్లోంచి ఆవిర్లు లేచేవి, చొక్కా తడిసి వీపుకి అంటుకునేది. అది చూసి ఆమె, "నా వంతు అయిపోయిందని ఊపిరి పీల్చుకున్నాను, ఇప్పుడు మీ వంతా?" అని విసనకర్ర అందించింది. ఆయన పకపకా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాడు. ఏడుపు కూడా ఆ ఇంజక్షను గుణమేనట.

రేడియేషనుకి ముందు ఆయన్ని స్కాను బల్ల మీద పడుకోబెట్టి కొలతలు తీశారు. మెషీను నడిపే ఆవిడ నడివయసు మనిషి, పేషెంట్లంతా ఆవిడని మెషీనమ్మ అంటారు. ఆవిడ నీలం పెన్నుతో ఆయన ఒంటిమీద మూడు కూడిక గుర్తులు గీసింది. బొడ్డు కింద ఒకటి, నడుంకి అటొకటి ఇటొకటి. వాటి మీద పల్చటి టేపు అంటించింది.

"రోజూ ఈ గీతల్నిబట్టే మిమ్మల్ని సరిచేసి పడుకోబెడతాం. ఇవి పోయాయంటే మొదటికే మోసం. పోకుండా చూసుకోండి" అంది.

గీతలు కాపాడమని ఒకరు తనకు చెప్పడమా! బోర్డులాయనకి ఎన్నో రోజుల తర్వాత కాస్త హుషారొచ్చింది. "ఆ పని నాకు వదిలెయ్యండమ్మా" అన్నాడు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఆయన వెల్లకిలా పడుకుంటే నడుం తిన్నగా ఉండదు. ఏళ్ళ తరబడి నిచ్చెన మెట్టు మీద ఒక కాలి మీదే బరువంతా మోపి నిలబడ్డ నడుం అది, కాస్త పక్కకు తిరిగిపోయింది. మెషీనమ్మ గీసిన గుర్తులు ఆ తిరిగిన నడుంకి తగ్గట్టు పడ్డాయి. పడుకున్నప్పుడు అవి సరైనవే. లేచి నిలబడితే మాత్రం బొడ్డు కింద గుర్తు ఎడమకి జరిగి, తల వాల్చినట్టు కనబడేది. ఇది ఆవిడ చెప్పలేదు. రోజుకి ఎందరినో చూసే మనిషి, ఎందుకు చెబుతుంది?

అలా రోజూ వెళ్ళిరావడం మొదలైంది. సెలవురోజులు తప్ప ప్రతి ఉదయం అదే బెంచీ. బెంచీ నిండా ఆ వయసు మగవాళ్ళే, అందరి చేతుల్లోనూ నీళ్ళ సీసాలే. ముందు ఖాళీ చేసుకుని రావాలి, తర్వాత సీసాడు నీళ్ళు తాగి ఆపుకుని కూర్చోవాలి. మూత్రసంచి నిండి ఉంటేనే పేగులు పైకి జరిగి, రేడియేషను దెబ్బ నుంచి తప్పుకుంటాయి. పక్కన కూర్చునే రిటైరైన బస్సు కండక్టరు రోజూ ఒకటే మాట అనేవాడు.

"ఉద్యోగమంతా ఆపుకునే బతికాను మాస్టారూ. డిపో వచ్చేదాకా బిగబట్టేవాణ్ణి. ఇప్పుడు డాక్టరు ఆపుకోమంటే మాత్రం స్టాపు లేకపోయినా దిగిపోతోంది."

బెంచీ మొత్తం నవ్వబోయి, నవ్వితే ఏమవుతుందో గుర్తొచ్చి, పెదాలు బిగబట్టి కూర్చునేది.

ఎదురుగోడకి ఒక ఫ్లెక్సీ బోర్డు ఉండేది. ఎర్రటి రంగు మీద పచ్చటి అక్షరాలు, పట్టి సాగదీసినట్టు. గుడులూ కొమ్ములూ ఒకదానిమీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. బోర్డులాయనకి అది కంట్లో నలుసు. రోజూ దాన్ని చూసి అక్షరం అక్షరం తిట్టేవాడు. "ఆ 'గ' చూశారా, కడుపునొప్పితో ముడుచుకున్నట్టు లేదూ? ఆ దీర్ఘానికి తలా తోకా ఉందా?" అనేవాడు కండక్టరుతో. ఆ బోర్డులో ఏం రాసుందని ఎవరైనా అడిగి ఉంటే మాత్రం చెప్పలేకపోయేవాడు. అక్షరాల వికారం చూడటంలో మునిగి మాటలు చదవనే లేదు.

మెషీను గదిలో నొప్పేమీ లేదు. గోడల్లోంచి సన్నటి ఎర్రటి వెలుగు గీతలు వచ్చి ఆయన ఒంటి మీది గుర్తుల మీద పడేవి. మెషీనమ్మా, ఇంకొకరూ ఆయన్ని అటూ ఇటూ జరిపి, వెలుగు గీతా పెన్ను గీతా ఒకదానిమీదొకటి పడేలా చేసి బయటికి వెళ్ళిపోయేవారు. పెద్ద తలకాయలాంటి మెషీను మూలుగుతూ చుట్టూ తిరిగేది. ఎన్ని దారాలు లాగినా అంత సన్నటి గీత తనకి పడలేదని ఆయన లోలోపల కుళ్ళుకునేవాడు. నొప్పులన్నీ ఇంటికొచ్చాకే. ఒంటికి వెళ్తే మంట, రోజంతా విరేచనాలు, కూర్చుంటే లేవలేని నీరసం.

కొన్ని వారాలు గడిచాయి. ఒక మంగళవారం ఉదయం నుంచీ ఒకటే ఆవిర్లు. సాయంత్రం స్నానం చేసి తుడుచుకుంటుంటే టేపు ఊడి చేతికొచ్చింది. కింద గీతలు పాలిపోయి, అక్కడక్కడ మాత్రమే ఉన్నాయి. చెరిగిన గీతను చూస్తే ఆయన చెయ్యి ఊరుకునే చెయ్యా? పోకుండా చూసుకోమన్నారు కూడానూ. చెరగని నీలం ఇంకు పెన్ను ఒకటి ఇంట్లో ఉండనే ఉంది. భార్యని పిలిచి అద్దం పట్టుకోమన్నాడు.

ఆమె అద్దం కుర్చీకి ఆనించి, అలవాటు ప్రకారం నాలుగడుగులు వెనక్కి వెళ్ళి, ఒక కన్ను మూసి చూసింది.

"వంకరగా ఉందండీ."

"ఏది?"

"బొడ్డు కిందది. ఎడమకి పోయింది. తల కూడా వాల్చేసింది."

"వాళ్ళు అలాగే గీశారేమో."

"వాళ్ళకి మీ చెయ్యి ఎక్కడినుంచి వస్తుంది? మీ బోర్డైతే ఇలా వదిలిపెట్టేవారా?"

అంతే. ఆ మాట అన్నాక ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. ఒక దారానికి తాళంచెవి కట్టి వేలాడదీశాడు. పై చివర ఆమె ఆయన రొమ్ము మధ్యలో వేలితో నొక్కి పట్టుకుంది. దారం బొడ్డు మీదుగా నిట్టనిలువుగా దిగింది. చాలా నెలలుగా వాళ్ళిద్దరూ ఇంత దగ్గరగా నిలబడలేదు. ఆమె ఊపిరి ఆయన భుజానికి తగులుతోంది. "కదలకండి, చక్కిలిగింతలు పెడుతున్నానా ఏమన్నా?" అని ఆమె కసిరింది. ఆయనకి చాలా సంతోషంగా ఉంది. పాత గీతల్ని స్పిరిటుతో శుభ్రంగా తుడిచేసి, దారం చూపించినచోట కొత్త గుర్తు గీశాడు. పక్కవి రెండూ దానికి సరిపోయేలా దిద్దాడు. ఆమె మళ్ళీ వెనక్కి వెళ్ళి చూసి, "ఇప్పుడు బాగుంది" అంది.

మర్నాడు ఆసుపత్రిలో రద్దీ. ముందురోజు మెషీను సగం పూట ఆగిపోయి, ఆనాటివాళ్ళూ ఈనాటివాళ్ళూ కలిసి బెంచీ పట్టక నేలమీద కూర్చున్నారు. మెషీనమ్మ చెమటలు కక్కుతూ ఆయన చొక్కా పైకి జరిపి చూసి, "హమ్మయ్య, మీవైనా స్పష్టంగా ఉన్నాయి" అంది. వెలుగు గీతని ఆయన గీతకి కలిపి బయటికి వెళ్ళిపోయింది. ఆయన బల్ల మీద పడుకుని మురిసిపోయాడు. గురువారమూ అంతే. శుక్రవారమూ అంతే.

సోమవారం సోమవారం అక్కడ ఫొటో తీసి, లోపలి ఎముకలు అనుకున్నచోటే ఉన్నాయా అని సరిచూస్తారు. ఆ సోమవారం ఫొటో తీసి మెషీనమ్మ లోపలికొచ్చింది. బొడ్డు కింద గీతని వేలితో రుద్ది చూసింది. వంగి దగ్గరగా చూసింది. ఆవిడ మొహంలో రంగు మారింది.

"ఇవి ఎవరు గీశారు?"

"నేనేనమ్మా" అన్నాడు ఆయన పడుకునే, మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తూ. "మీరు గీసింది కాస్త వంకరగా ఉంటే సరిచేశాను."

ఆవిడ గోడకి ఆనుకుని ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తర్వాత డాక్టరమ్మని పిలవడానికి పరిగెత్తింది.

డాక్టరమ్మ కోప్పడి ఉంటే బాగుండేది. తిట్టడమైనా ఎదురు మాట్లాడటమైనా ఆయనకి తెలుసు. ఆవిడ మెల్లగా, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది. గుర్తు వేలెడు మేర కుడికి జరిగింది. మూడు రోజులు రేడియేషను ఆ జరిగినచోటే పడింది. కుడివైపు పేగుకి అక్కర్లేనిది తగిలింది. ఎడమవైపు అంచున గ్రంథులకి తగలాల్సింది తగల్లేదు. లెక్కలు మళ్ళీ వేసి, లోటు పూడ్చేలా ఇంకొన్ని రోజులు కలుపుతామంది.

"మేం కూడా కొలిచి చూసుకోవాల్సింది. తప్పు మీ ఒక్కరిదే కాదు" అంది.

"పూడుతుందా అమ్మా?"

"పూడాలనే చూస్తాం."

మెషీనమ్మ మాత్రం ఉండబట్టలేకపోయింది. ఆవిడ కళ్ళలో నీళ్ళున్నాయి. "బయట అంత పెద్ద బోర్డు పెట్టాం కదండీ. రోజూ దానికెదురుగానే కూర్చుంటారు కదా!"

ఆయన బయటికొచ్చి ఎర్రటి ఫ్లెక్సీ ముందు నిలబడ్డాడు. మొదటిసారి దాన్ని చదివాడు. 'గీతలు చెరిగితే మాకు చెప్పండి. మీరు గీయకండి.' ముడుచుకున్న ఆ 'గ'తోనే మొదలైంది. బెంచీ మీదున్న కండక్టరు ఆయన మొహం చూసి, తలొంచుకుని సీసా మూత బిగించుకున్నాడు.

భార్య వరండాలో కూర్చునుంది. దాచే ఓపిక లేక ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆమె అంతా విని అంది, "నేనే కదా అన్నాను, వంకరగా ఉందని."

"గీసింది నా చెయ్యి."

"నేను అనకపోతే మీరు పాతవాటి మీదే దిద్దేవారు. నాకు తెలియదా మీ సంగతి?"

ఆయన కాదనలేదు. కాదనాల్సింది. ఆ ఒక్కమాట అననందుకు తర్వాత ఎన్నిసార్లు నాలుక కరుచుకున్నాడో లెక్కలేదు. కానీ ఆ క్షణాన ఆమె చెప్పింది నిజం, ఆయనేమో అబద్ధం చప్పున రాని మనిషి.

మిగిలిన రోజులూ, కలిపిన రోజులూ పూర్తయ్యాయి. పేగుకి తగిలినదాని ఫలితం కొన్ని నెలలకు బయటపడింది. విరేచనంలో రక్తం పడేది. దానికి వేరే వైద్యం. రక్తపరీక్షలో మాత్రం రోగం అడుగంటినట్టు కనబడింది. కొడుకు స్కూటర్ మీద తీసుకువస్తూ, "నాన్నా, ఒక గోడ ఉంది, నువ్వే రాయాలి" అని కూడా అన్నాడు. ఆ ఏడాది బయటివాళ్ళకి ఆ ఇల్లు గండం గడిచిన ఇల్లే.

లోపల సంగతి వేరు. ఆమె మాట పడిపోయింది. మాట్లాడేది, వంట సంగతీ మందుల సంగతీ మాట్లాడేది. ఎత్తిపొడుపు పోయింది, వేళాకోళం పోయింది. ఫలానాది బాగాలేదు, ఫలానాది పక్కకుంది అన్న మాట ఆమె నోట మళ్ళీ రాలేదు. ఆయన ఒకసారి కావాలనే గోడ మీది క్యాలెండరుని వంకరగా తగిలించాడు. చూసిన ప్రతిసారీ కళ్ళు మంటపుట్టేంత వంకరగా. ఆమె దాని ముందునుంచి రోజుకి ఇరవైసార్లు తిరిగింది. చూసింది, ఆగింది, వెళ్ళిపోయింది. నెల మారాక ఆయనే సరిచేసుకున్నాడు. పరీక్షలకి వెళ్ళినప్పుడు ఆమె వరండా దాటి లోపలికి వచ్చేది కాదు. డాక్టరమ్మ ఎదుటపడటానికి తనకి మొహం లేదనేది.

రెండో ఏడాది రక్తపరీక్షలో రోగం జాడ చెప్పే అంకె పైకి కదిలింది. తర్వాతిసారి ఇంకాస్త. స్కాను తీశారు. ఆమెని వరండాలో ఉంచి, ఆయన ఒక్కడే లోపలికి వెళ్ళాడు.

"మళ్ళీ వచ్చింది" అంది డాక్టరమ్మ. "ఎడమవైపు గ్రంథులు. పాతచోటు అంచునే."

"ఆ మూడు రోజుల వల్లేనా?"

ఆవిడ కాగితాలు పక్కకు పెట్టింది. "చెప్పలేనండీ. అన్నీ సరిగ్గా పడినవాళ్ళకీ తిరిగొస్తుంది. దానివల్లే అనలేను. కాదనీ అనలేను."

"నయం..."

"మందులున్నాయి. ఎంతకాలం పనిచేస్తే అంతకాలం." నయం అన్న మాట ఆవిడ ఎత్తలేదు.

తలుపు దగ్గరికి వచ్చి ఆయన ఆగాడు. వెనక్కి తిరిగి, "డాక్టరమ్మా, మా ఆవిడ ఎప్పుడైనా అడిగితే ఏ వైపో చెప్పకండి" అన్నాడు. ఆవిడ సరేనన్నట్టు తల ఊపింది.

ఆమె మెట్ల మీద కూర్చునుంది. ఆయన్ని చూసి లేచి నిలబడింది. ఏమన్నారు అని అడగలేదు, మళ్ళీ వచ్చిందా అనీ అడగలేదు. ఆయన నడకలోనే అది తెలిసిపోయింది. ఆమె అడిగింది ఒక్కటే.

"ఎటువైపు?"

"కుడివైపు" అన్నాడు ఆయన.

"కుడివైపా?"

"ఆ. కొత్తచోట. మనం చెయ్యిపెట్టినదానికీ దీనికీ సంబంధం లేదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఎలా గీసినా ఇది వచ్చేదేనట."

ఆమె మెట్టు మీద కూలబడి పెద్దగా ఏడ్చింది. పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ ఆగి చూశారు. మొగుడి రోగం తిరగబెట్టిందన్న కబురు విని ఏ భార్యా అంత హాయిగా ఏడ్చి ఉండదు. ఆయన పక్కన కూర్చుని ఆమె వీపు మీద చెయ్యి వేశాడు. జీవితంలో మొదటిసారి ఒక వంకర గీత గీసి, దాన్ని దిద్దకుండా వదిలేశాడు.

ఆ రోజు నుంచి ఆమె కడుపునిండా తింది. నిద్రపోయింది. కొద్దిరోజులకే, "ఆ చొక్కా ఏమిటండీ, బొత్తాలు ఒకటి కిందకి పెట్టుకున్నారు, పెద్దమనిషి వాలకమేనా ఇది?" అని గదమాయించింది. ఆయన తడుముకుంటూ బొత్తాలు సరిచేసుకున్నాడు. అబద్ధానికి ఇంత బలం ఉంటుందని తెలిస్తే వరండాలోనే, ఆ మొదటిరోజే ఆడి ఉండేవాణ్ణి కదా అనుకున్నాడు. మందు బిళ్ళలు మారాయి. అవి కొంతకాలం పనిచేశాయి, తర్వాత పనిచేయడం మానేశాయి. ఆమె లోపలికి వస్తానన్నప్పుడల్లా ఏదో వంక చెప్పి వరండాలోనే ఆపేవాడు.

రోగానికి మాత్రం ఆయన ఏమీ చెప్పలేకపోయాడు. చలి తగ్గే రోజుల్లో ఎడమకాలు వాచడం మొదలైంది. ముందు చెప్పు బిగుసుకుంది, తర్వాత పిక్క, తర్వాత తొడ. లోపల గ్రంథులు దారి మూసేస్తే కాలిలో నీరు పైకి ఎక్కలేక నిలబడిపోతుందని నర్సు చెప్పి, మడమ నుంచి పైకి చేత్తో నెమ్మదిగా ఎలా రాయాలో ఆమెకి నేర్పింది. నర్సు అది చెప్పేటప్పుడు ఆయన ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నాడు. నర్సు ఏ వైపు గ్రంథులో అనలేదు.

ఒక మధ్యాహ్నం ఆయన మంచం మీద కాళ్ళు చాపుకుని పడుకునున్నాడు. ఆమె ఎడమకాలి కింద దిండు పెట్టి రాస్తోంది. రాస్తూ రాస్తూ ఆగి, దుప్పటి తొలగించి, రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టింది. లేచి నాలుగడుగులు వెనక్కి వెళ్ళి చూసింది. కుడికాలు ఎండిన కట్టెలా ఉంది. ఎడమది నున్నగా మెరుస్తూ దానికి రెండింతలుంది.

"కుడివైపు గడ్డకి ఎడమకాలు వాస్తుందా అండీ?"

ఈ ప్రశ్న కోసం ఆయన వారాల తరబడి జవాబు సిద్ధం చేసుకుని ఉన్నాడు. "లోపల నరాలన్నీ అటూ ఇటూ అల్లుకుని ఉంటాయట. డాక్టరమ్మే చెప్పింది" అన్నాడు.

ఆమె అక్కడే నిలబడి ఆ కాలి వంకా, ఆయన మొహం వంకా చూసింది. ఆయన చూపు తిప్పుకోలేదు, తిప్పుకుంటే దొరికిపోతానని. ఆమె వచ్చి మంచం అంచున కూర్చుంది. దుప్పటి కుడికాలి మీదికి లాగి కప్పింది.

"అంతే అయ్యుంటుంది లెండి" అంది. "మనకేం తెలుస్తుంది."

మళ్ళీ మడమ దగ్గర మొదలుపెట్టి పైకి రాయసాగింది. ఆయన కళ్ళు మూసుకుని నిద్రపోయినట్టు పడుకున్నాడు. ఆ సంగతి వాళ్ళిద్దరి మధ్యా ఇంకెప్పుడూ రాలేదు.